మడుగు దొర, మా రాజత్త

మొన్న మాఘంలో మా రాజత్త పోయింది. ఎనభై ఏడో ఎనభై ఎనిమిదో ఉంటాయి, ఆమెకూ సరిగ్గా తెలియదు. నిజామాబాద్‌లో మా ఇంటి ముందు బల్ల మీద కూర్చోబెట్టి నీళ్ళు పోసి, కొత్త చీర చుట్టి, పసుపూ బొట్టూ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. మెడలో పుస్తె ఉంది. కాలి వేళ్ళకు మెట్టెలున్నాయి. మొగుడు మాత్రం అరవై ఏళ్ళకు పైగా లేడు. లేడంటే చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ ఎవరూ చెప్పలేదు. మా గల్లీలో ఇలాంటి పనులన్నీ తెలిసిన ఒక పెద్దామె కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని నా వైపు తిరిగింది. "ఏం జెయ్యాలె టీచరమ్మా? పెట్టాల్నా, వద్దా? ముత్తైదువ లెక్కనా, కాదా?" అంది. "పెట్టండి, నిండుగా పెట్టండి" అన్నాను. నేనేదో పెద్ద మాట అన్నట్లు ఒకరిద్దరు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ మాట చెప్పే అర్హత ఈ భూమి మీద అందరికంటే తక్కువ ఉన్న మనిషిని నేనే. అదెందుకో చెప్పాలంటే మొసలి దగ్గర మొదలుపెట్టాలి.

మా బాపు నిజాంసాగర్ కాలువ మీద లష్కర్. లష్కర్ అంటే కత్తీ కటారూ పట్టే సిపాయి అనుకునేరు. తూము తలుపులు ఎత్తి దించేవాడు, గట్టు వెంట మైళ్ళకు మైళ్ళు నడిచి ఎక్కడైనా గండి పడుతుందేమో చూసేవాడు, అంతే. బోధన్‌కూ మంజీర నదికీ నడుమ ఒక తూము పక్కన సర్కారు వాళ్ళు కట్టించిన రాతి గది మా ఇల్లు. చుట్టుపక్కల ఊరు లేదు, గుడి లేదు, కనీసం టీ దుకాణం లేదు. ఉన్నదల్లా చెరుకు. వానలు పడి చెరుకు ఎదిగిందంటే మా ఇల్లు బావిలో పడ్డట్టే, ఆకాశం తప్ప ఏమీ కనిపించేది కాదు. చెరుకు ఆడే రోజుల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నుంచి గాలి ఇటు మళ్ళితే మడ్డి వాసన వచ్చేది, తీపీ కుళ్ళూ కలిసిన వాసన. దూరంగా సైరన్ కూసినప్పుడు మాత్రం ఎక్కడో మనుషులున్నారని తెలిసేది. నాకు మూడేళ్ళప్పుడే అమ్మ పోయింది. బాపు పొద్దున గట్టు మీదికి పోతూ నన్ను గదిలో ఉంచి, ఒక రొట్టె, ఒక చెంబు నీళ్ళు పక్కన పెట్టి, బయట గొళ్ళెం వేసి పోయేవాడు. కాలువలో పడతానని ఆయన భయం. ఆయన తప్పేం లేదు, కాలువ మా వాకిలికి పది అడుగుల దూరంలో ఉండేది. నేను నేల మీద బోర్లా పడుకుని తలుపు కింది సందులోంచి బయటికి చూసేదాన్ని. ఆ సందులో నాకు కనిపించిన ప్రపంచం బెత్తెడు. మధ్యాహ్నం దాకా ఏడ్చి, ఏడుపు వినేవాళ్ళు లేరని తెలిసి, మానేసేదాన్ని. ఆ గొళ్ళెం చప్పుడు ఇప్పటికీ నాకు ఇష్టం ఉండదు. మా ఇంట్లో తలుపులన్నింటికీ లోపల గడియలే, బయట ఏమీ పెట్టించలేదు.

నాకు ఆరేళ్ళు వచ్చాక రాజత్త వచ్చింది, బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు. మంజీర ఒడ్డున ఒక ఊళ్ళో ఆమెను ఇచ్చారు. మొగుడు మల్లయ్య మామ ఎండాకాలం నది ఇసుకలో గుంతలు తీసి కర్బూజాలు, దోసలు పండించేవాడు. చేతులు పెద్దవి, గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. కుడి జబ్బకు వెండి దండ కడియం ఉండేది. జాతరలో నన్ను భుజం మీద ఎక్కించుకుంటే పడిపోకుండా ఆ కడియమే పట్టుకునేదాన్ని. ఒక చోట అది విరిగితే అవుసలాయన అతుకు వేశాడు. అతుకు దగ్గర కొంచెం గరుకు, ఎర్రటి రంగు. నా బొటనవేలు అక్కడే ఆనేది. అలాంటి మామ ఒకనాడు పొద్దున కర్బూజ పాదులకు నీళ్ళు తేవడానికి మడుగుకు పోయి మళ్ళీ రాలేదు. ఒడ్డున రుమాలు, చెప్పులు, ఖాళీ కుండ దొరికాయి. బురదలో ఏదో పొట్ట ఈడ్చుకుంటూ పోయిన జాడ ఉందన్నారు. మూడు రోజులు పుట్టి వేసి వెతికారు. ఏమీ తేలలేదు.

ఊరంతా ఒకే మాట, మడుగు దొర పట్టిండని. మడుగు దొర అంటే మొసలి. నీళ్ళ దగ్గర దాని పేరు ఎత్తకూడదు, దొర అనే అనాలి. తీసుకోవడమే గానీ ఇవ్వడం తెలియనిది కాబట్టి ఆ పేరు దానికి బాగానే కుదిరింది. ఊళ్ళో దొరను ఎట్లాగూ ఏమీ అనలేని జనం మడుగు దొరను మాత్రం నోరారా తిట్టేవాళ్ళు. నూరేళ్ళ ముసలిదనీ, వీపు మీద నాచు పెరిగి గడ్డి మొలిచిందనీ, మింగిన ఆడవాళ్ళ ముక్కుపుడకలు దాని పళ్ళ సందుల్లో మెరుస్తాయనీ చెప్పేవాళ్ళు. పశువులను నది దాటించే ముందు డప్పు కొట్టేవాళ్ళు. చాకలివాళ్ళు ఆ రేవు వదిలేసి రెండు మైళ్ళ దూరం పోయి ఉతికేవాళ్ళు. ఒకే రోజు కందకుర్తి సంగమం దగ్గర ఒకరికి, మా కాలువలో ఒకరికి, ఆ రెండింటి నడుమ మరొకరికి కనిపించేది. అబద్ధమని ఎవరి మొహం మీదా ఎవరూ అనేవాళ్ళు కాదు, రేపు తామూ ఒకటి చెప్పాలి గదా.

అత్త మా ఇంటికి వచ్చాక బయట గొళ్ళెం పడలేదు. నాకు తలలో నూనె పెట్టి జడ వేసేది. జొన్నరొట్టె చేస్తూ చివరి పిండి ముద్దతో చిన్న రొట్టె ఒకటి నాకోసం కాల్చేది. నేను ఆమె కొంగు చివర నా లంగా తాడుకు ముడివేసుకుని పడుకునేదాన్ని. ఎప్పుడైనా లేచి పోతుందేమోనని నాకు భయం. ఆమె బాధ ఏమిటో ఆ వయసులో నాకు తెలియదు. మొగుడి శవం దొరకలేదు కాబట్టి పుస్తె తెంచకూడదన్నారు కులపెద్దలు. "ఏదన్న గుర్తు దొరకాలె. లేకుంటే పన్నెండేండ్లు ఆగాలె" అన్నారు. మాలో మొగుడు పోయిన పడుచుకు మారుమనువు తప్పు కాదు, చాలామంది చేసుకున్నారు. కానీ మొగుడు పోయాడని తేలితేనే గదా. ఒకసారి ఎవరిదో పెళ్ళికి నన్ను తీసుకుని పోయింది. వరుసగా కూర్చున్న ఆడవాళ్ళకు బొట్టు పెట్టుకుంటూ వచ్చిన పిల్ల అత్త ముందుకు వచ్చి, చెయ్యి గాల్లో ఉండగానే, పెద్దవాళ్ళ వైపు చూసింది. ఎవరూ అవుననలేదు, కాదనలేదు. ఆ పిల్ల అత్తను దాటి పక్కామెకు పెట్టింది. అటు తర్వాత ఎవరింటికీ పోలేదు. బతుకమ్మ నాడు కూడా వాకిట్లోనే గునుగు పూలు, తంగేడు పూలు పేర్చుకుని, మేమిద్దరమే చుట్టూ తిరిగి, మేమిద్దరమే కాలువలో వదిలేవాళ్ళం. చప్పట్లకు రెండు జతల చేతులు చాలవు. పాట మధ్యలో సిగ్గేసి ఆగిపోయేది.

అప్పుడు వచ్చాడు షికారి సాబు. నిజామాబాద్‌లో ఉండే ముసలాయన. పాతకాలంలో ఎవరో జాగీర్దారు వెంట షికారుకు పోయేవాడట. జాగీర్లు పోయాక ఎక్కడ పులి అన్నా, అడవిపంది అన్నా, జనం ఆయన కోసమే కబురు పెట్టేవాళ్ళు. మొసలిని పట్టి ఇమ్మని నది ఒడ్డు ఊళ్ళవాళ్ళు పిలిపించారు. ఉండడానికి చోటు మా ఇల్లే అయింది. పొట్టి మనిషి, తెల్ల గడ్డం, ఒంటిగొట్టం తుపాకీ, గోనెసంచిలో ఇనుప గాలాలు. పొద్దున్నే గట్టు మీద గోనె పరుచుకుని నమాజు చేసుకునేవాడు. మాంసం తప్ప ముట్టడేమో అనుకున్నాం గానీ, అత్త చేసిన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు చూస్తే చాలు, ఆయన మొహం వెలిగిపోయేది. తినడం అయ్యాక అత్త రోజూ ఒకే ప్రశ్న అడిగేది, తలుపు చాటు నుంచి.

"దొరికిందా సాబ్?"

"ఇన్షా అల్లా, రేపు దొరుకుతది బహెన్."

ఆ వెతుకులాటకు నేనూ పోయేదాన్ని. గుర్తు దొరికితే భార్య చూడాలన్నారు గనుక అత్త పోవాలి, అత్త పోతే నేను పోవాలి. షికారి సాబు వెతకడం అంటే నీళ్ళలోకి చూడడం కాదు, ఒడ్డును చదవడం. బురద మీద వంగి, కాలి గోళ్ళ గుర్తులు ఇటు, తోక ఈడ్చిన గీత అటు అని వేలితో చూపించేవాడు. ఎండి సున్నంలా తెల్లబడ్డ మొసలి పెంట ఎత్తి, వేళ్ళతో నలిపి, అందులో వెంట్రుకలు ఏ జంతువువో చూసేవాడు. అత్త మొహం తిప్పుకునేది కాదు. ఆయన వేళ్ళ వంకే చూస్తూ నిలబడేది. మేక పేగులు గాలానికి గుచ్చి మడుగులో వేసి, తాడు చివర చెట్టుకు కట్టి, పొద్దంతా కాచేవాడు. తాబేళ్ళు తినిపోయేవి. ఫలానా చోట కనిపించిందని సైకిల్ మీద ఎవడో వగరుస్తూ వస్తే అక్కడికి పరిగెత్తేవాళ్ళం. పోయేసరికి నీళ్ళ మీద ఒక కొయ్య దుంగ. ఒకనాడు మూడు ఊళ్ళ నుంచి మూడు కబుర్లు ఒకేసారి వస్తే, "యా అల్లా, ఈ దొరకు మోటారు కారు ఉన్నదా ఏంది?" అని ఆయన నెత్తి పట్టుకున్నాడు. బాపు నవ్వాడు. అత్త కూడా నవ్వబోయి ఆపుకుంది. కందకుర్తి దగ్గర రెండు నదులు కలిసే చోట, ఎండలో ఇసుక తెల్లగా మండుతుంటే, అత్త నీళ్ళ అంచున నిలబడి కొంగు నెత్తి మీద వేసుకుని అటూ ఇటూ చూడడం నాకిప్పుడూ కనిపిస్తుంది. ఎదురుచూస్తున్నది మొగుడి కోసమా, మొగుడిని తిన్నదాని కోసమా అని అప్పుడు నేను ఆలోచించలేదు.

అదే రోజుల్లో నర్సయ్య అనే ఆయన మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసే దగ్గర పని. భార్య కాన్పులో పోయింది. నెమ్మదైన మనిషి. వచ్చినప్పుడల్లా బాపుతోనే మాట్లాడేవాడు గానీ, చెప్పులు విడిచే చోటు మాత్రం అత్త వంట చేసే వైపే. ఒకసారి అత్త నీళ్ళు తెచ్చి ఇస్తే లోటా ఖాళీ అయినా తిరిగి ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం అత్త రొట్టెలు చేస్తూ సన్నగా పాట తీసింది. బతుకమ్మ నాడు తప్ప ఆమె పాడడం నేను అదే మొదటిసారి వినడం. నాకు సంతోషం కలగలేదు, ఆ రాత్రి ఆమె కొంగుకు రెండు ముళ్ళు వేసుకుని పడుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం నేను గట్టు కింది చెరుకులో కూర్చుని గడ నములుతున్నాను. పైన తూము చక్రం దగ్గర బాపు, షికారి సాబు మాట్లాడుకుంటున్నారు. నేనున్నది వాళ్ళకు తెలియదు.

"లష్కర్ సాబ్, సచ్చీ బాత్ చెప్తున్న. ఆ దొర లేడు" అన్నాడు షికారి సాబు.

"లేకపోవుడేంది? గింతమంది సూసిండ్రు గదా."

"అందరు సూసినవి చిన్నచిన్నయి. మేకపిల్లను పడ్తయ్, కుక్కను పడ్తయ్. మనిషిని మింగేటంత జానవర్ ఈ నీళ్ళల్ల నాకైతే కానరాలే. ఎన్నడో ఉండెనేమో. మీ బావ మునిగిండేమో. లేకపోతే ఉఠ్‌కే ఎటన్న పోయిండేమో. ఎవరికి మాలూమ్?"

బాపు అటూ ఇటూ చూశాడు. తర్వాత మెల్లగా, "కడియం ఒకటి చేయిస్త సాబ్. ఏదో ఒక మొసలిని కొట్టుండ్రి. కడుపు కోసేటోళ్ళు మీరే గదా. గుర్తు దొరికిందంటే పెద్దమనుషులు పుస్తె తీపిస్తరు. నెల దిరిగేసరికి నర్సయ్యకు మారుమనువు జేసి పంపుత. నా చెల్లె బతుకు నిలబడ్తది" అన్నాడు.

"ఎన్నడూ జానవర్ మీద ఝూట్ చెప్పలే నేను" అన్నాడు షికారి సాబు. ఆ రోజు ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం రొట్టె తిని లేస్తుంటే అత్త ఎప్పటిలాగే తలుపు చాటు నుంచి "దొరికిందా సాబ్?" అంది. ఆయన ఆమె వైపు చూసి, గడ్డం నిమురుకుని, "దొరుకుతది బహెన్. ఈసారి పక్కా దొరుకుతది" అన్నాడు. ఆ మాటతో ఆయన ఒప్పుకున్నట్లు నాకూ అర్థమైంది.

రెండు రోజులకు బాపు నన్ను గట్టు మీదికి తీసుకుపోయి చంకలో ఎత్తుకున్నాడు. ఎత్తుకునే వయసు దాటిపోయింది నాకు. "బిడ్డా, మీ మామ కడియానికి అతుకుండె గదా, యాదికున్నదా? నువ్వు పట్టుకొని ఆడుతుంటివి. అతుకు దేంతోటి వేసిండ్రు? రాగా, ఇత్తడా?" అని అడిగాడు. నాకు యాదికుంది. ఎర్రటి రాగి. నా బొటనవేలికి కూడా యాదికుంది. అడుగుతున్నది ఎందుకో తెలుసు. రాగి అంటే అత్త పోతుంది. అత్త పోతే గొళ్ళెం పడుతుంది. నేను బాపు కళ్ళలోకి చూసి, "ఇత్తడి, పచ్చగుంటుండె" అన్నాను. చిన్నపిల్లలు అబద్ధం చెప్పలేరంటారు. నేను చెప్పాను, తడబడకుండా చెప్పాను. ఇన్నేళ్ళ బతుకులో అంత ఆలోచించి, అంత నిబ్బరంగా చెప్పిన అబద్ధం మరొకటి లేదు.

మా అమ్మ కాళ్ళ కడియాలు పెట్టెలో ఉండేవి. అవి కరిగించి బోధన్ అవుసలాయన దగ్గర దండ కడియం చేయించాడు బాపు. కొత్తదనం పోవడానికి ఇంటి వెనక పేడగుంతలో పూడ్చిపెట్టాడు. యాసంగి కోతలు అయ్యాక ఏటేటా కాలువ బంద్ చేస్తారు. ఆ ఏడు బంద్ చేసిన నాలుగో రోజుకు కాలువంతా ఎండి, మా తూముకు కొంచెం కింద, నీళ్ళు దూకి పడే చోట ఉన్న గుంతలో మాత్రం నీళ్ళు మిగిలాయి. అందులో మొసలి ఉంది. ఎవరి అదృష్టమో, ఎవరి ఖర్మో గానీ నిజంగానే ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వచ్చాయి. బండ్లు కట్టుకుని, పిల్లలను చంకనేసుకుని వచ్చారు. ఉడికించిన పల్లికాయలు అమ్మేవాడు కూడా వచ్చాడు. మా వాకిలి అంతమంది మనుషులను చూడడం అదే మొదలు, అదే ఆఖరు. బకెట్లతో నీళ్ళు తోడారు. మధ్యాహ్నానికి వీపు తేలింది. షికారి సాబు ఒకే ఒక్క గుండు పేల్చాడు. తాళ్ళు వేసి గట్టు మీదికి లాగితే నులక మంచమంత ఉంది. జనం డీలా పడ్డారు. "గింతేనా? గిదేం దొర? దొర దగ్గరి జీతగాని లెక్కున్నది" అన్నాడొకడు. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. మా గోడకు ఆనుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది.

షికారి సాబు చొక్కా చేతులు పైకి మడిచి పొట్ట కోశాడు. గులకరాళ్ళు వచ్చాయి, తాబేలు చిప్ప వచ్చింది. మేక మెడ గంట ఒకటి వస్తే గుంపులోంచి గొల్లాయన ఒకడు "నాదే, నా పోతుదే" అని ముందుకొచ్చాడు. ఆ తర్వాత సాబు చెయ్యి లోపలికంటా పోనిచ్చి, కొంచెం ఎక్కువసేపే ఉంచి, నల్లగా ఉన్న కడియం బయటికి తీశాడు. పల్లికాయలు ఒలిచే చప్పుడు కూడా ఆగిపోయింది. కులపెద్ద ఒకాయన అందుకుని తుడిచి, "అతుకున్నది. మల్లయ్య కడియానికి అతుకుండె. రాజవ్వా, దా, గుర్తువట్టు" అన్నాడు. అతుకు ఉందని వాళ్ళకు తెలుసు గానీ దేనితో వేశారో అక్కడున్న వాళ్ళెవరికీ తెలియదు. మామ తల్లి అప్పటికే పోయింది. అత్త కడియం తీసుకుని, మేం బోళ్ళు తోముకునే బండ దగ్గరికి నడిచింది. కూర్చుని, "బిడ్డా, జర్ర చింతపండు తే" అంది నాతో. నేనే తెచ్చి ఇచ్చాను.

అత్త చింతపండు, బూడిద కలిపి, రోజూ చెంబులు తోమినట్లే నెమ్మదిగా తోమింది. నలుపు పోయి వెండి తెల్లగా తేలింది. అతుకు దగ్గర బొటనవేలితో ఇంకా రుద్దింది, ఇంకా రుద్దింది. పసుపుపచ్చగా మెరిసింది. ఆమె దాన్ని నీళ్ళలో కడిగి, ఎండలో పెట్టి చూసి, తలెత్తి బాపు వైపు చూసింది. బాపు ఆమెనే చూస్తున్నాడు, దండం పెట్టేవాడిలా. నర్సయ్య గుంపు వెనక ఎక్కడో ఉన్నాడు. చివరికి కడియం బండ మీద పెట్టి, లేచి, "గిది ఆయనది కాదు" అంది. అని లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. అంత జనానికి చాయ్ పెట్టాలి గదా.

సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. మరునాడు షికారి సాబు కూడా గాలాలు సంచిలో వేసుకుని వెళ్ళాడు. పోతూ పోతూ అత్తకు సలాం చేసి, "మాఫ్ చెయ్యి బహెన్" అన్నాడు. అత్త దారికి రొట్టెలు కట్టి ఇచ్చింది. నర్సయ్య ఇంకో రెండు నెలలు వచ్చి, తర్వాత రాలేదు. ఎడపల్లి పిల్లను చేసుకున్నాడని విన్నాం. బాపు ఆ కడియం జేబులో వేసుకుని ఎండిన కాలువ వెంట నడుచుకుంటూ పోయాడు. దాన్ని ఏం చేశాడో నేను అడగలేదు. ఒక్కసారి మాత్రం నన్ను ఆపి, "ఇత్తడే గదా బిడ్డా?" అన్నాడు. తలూపాను. చెల్లెలు తన అబద్ధం పట్టేసిందని, మొగుడి పేరు మీద అబద్ధం ఒప్పుకోని నీతిగల మనిషి అని ఆయన అనుకున్నాడు. ఆ సిగ్గుతో ఆమె మొహం చూడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, బట్టలు ఉతికితే కట్టేవాడు. మాట మాత్రం నా ద్వారానే. "మీ అత్తకు చెప్పు", "మీ బాపుకు చెప్పు". ఒక గదిలో ముగ్గురం, ఇద్దరి నడుమ మాటలు మోస్తూ నేను పెరిగాను. నాకు అత్త దక్కింది. తలుపు తెరిచే ఉంది. అయినా ఆ ఇంట్లో నాకు గొళ్ళెం రోజులకంటే ఒంటరిగా అనిపించేది, అది ఎవరికీ చెప్పుకోలేను. పన్నెండేళ్ళు ఎప్పుడు నిండాయో కులపెద్దలకు గుర్తు లేదు. ఆమెకు గుర్తుండే ఉంటుంది. అడగలేదు.

మొన్న ఆమె బూడిద మంజీరలో కలిపి వస్తూ కారు ఆ తూము దగ్గర ఆపించాను. గది పైకప్పు లేదు. చక్రం తుప్పు పట్టి తిరగడం లేదు. చుట్టూ చెరుకు పోయి ఎక్కువగా వరే ఉంది, వరి మీదుగా చూస్తే బోధన్ రోడ్డు మీద లారీలు కూడా కనిపిస్తున్నాయి. చిన్నప్పుడు అలా కనిపించి ఉంటే నేను వేరే మనిషినయ్యేదాన్నేమో. ఫ్యాక్టరీ సైరన్ ఎప్పుడో ఆగిపోయింది. మామ కర్బూజాలు పండించిన ఇసుక లారీలకెక్కి పోయింది, మడుగులు మోకాలి లోతుకు వచ్చాయి. ఇప్పుడు మొసళ్ళను సర్కారే కాపాడుతోందట. వాటిని చంపితే జైలు. కారు నడిపే అబ్బాయికి మడుగు దొర గురించి చెబితే ఫోన్‌లో వెతికి, "మేడమ్, ఇక్కడి మొసళ్ళు మనుషుల జోలికి పెద్దగ రావంట" అన్నాడు. షికారి సాబు ఎప్పుడో చెప్పాడు ఆ మాట. అప్పటి జనానికి నీళ్ళలో ఒక దొర కావాలి. దొరకని మనుషుల లెక్క అప్పజెప్పడానికి ఎవరో ఒకరు కావాలి. మామ ఏమయ్యాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆనాడు బతికి ఎటైనా వెళ్ళి ఉంటే, ఎక్కడో వేరే పేరుతో ముసలివాడై పోయుంటాడు. అలా అనుకున్నప్పుడల్లా నాకు ఆయన మీద కోపం వస్తుంది, మరుక్షణం నా మీద వస్తుంది.

అసలు చెప్పాల్సింది ఇంకోటుంది. దాని కోసమే ఇదంతా రాశాను. నేను నిజామాబాద్‌లో టీచరుగా చేరిన కొన్నాళ్ళకు బాపు పోయాడు. అత్త ఏడవలేదు. శవం దగ్గర కూర్చుంది, చేయాల్సినవన్నీ చేసింది, కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. పదకొండో రోజు చుట్టాలంతా వెళ్ళాక, మధ్యాహ్నం పూట, ఇద్దరమే మిగిలాం. నాకు అన్నం పెడుతుంటే అడిగాను, "అత్తా, బాపు మీద నీకు ప్రేమ లేదా? ఒక్కసారన్న ఏడ్వలే" అని.

ఆమె గంటె గిన్నెలో పెట్టింది. "ఉండె బిడ్డా, బాగ ఉండె. ఆ కడియం దినం పోయింది" అంది. "పేడ తీస్తుంటే గుంతల దొరికింది నాకు. నల్లగుండె. ఎందుకు పెట్టిండో సమజై మల్ల అట్లనే పూడ్చిన. మా అన్న నా గురించి గింత ఆలోచన జేస్తుండు గదా అని రాత్రంత ఏడ్చిన, సంతోషానికి. అందరి ముందట అవును ఆయనదే అందామనే కూసున్న బిడ్డా. ఎవలకు తెల్సు? కని తోమి సూస్తే ఇత్తడి. ఆయనది రాగి అతుకు. వెండికి రాగి అతికిండని ఆ దినాలల్ల నేను మీ బాపుకే చెప్పుకొని ఏడ్చిన. ఆయనకు యాదికి లేకుండ ఎట్లుంటది? కావాల్ననే తప్పు జేయించిండు. నేను పోతే నిన్నెవరు సూడాలె? పోవద్దు అని నోటితోని అనలేక గట్ల జెప్పిండు. అన్న మనసుల నాకు తావు లేనప్పుడు నా ప్రేమ ఎట్ల నిలుస్తది? మల్ల నా మొకం ఎన్నడన్న సూసిండా? తప్పు జేసినోడు ఎట్ల సూస్తడు."

అన్నం ముద్ద నా చేతిలోనే ఉంది. బాపుకు నిజంగానే గుర్తు లేదని, ఆయన నన్ను అడిగాడని, నేను ఏం చెప్పానో ఆమెకు చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. చెబితే అన్న తిరిగి దొరికేవాడు ఆమెకు. నేను పోయేదాన్ని. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా ఆమె నా ఇంట్లోనే, నా కళ్ళ ముందే ఉంది. రోజూ ఆ నిమిషం ఉండింది. ఆ మధ్యాహ్నం మాత్రం నేను నిజంగా నోరు తెరిచాను. ఆమె నా మొహంలోకి చూస్తూ ఎదురుచూసింది.

"తొక్కు ఉందా అత్తా?" అన్నాను.

"ఉన్నది బిడ్డా, కూసో" అని లేచి, లోపలికి పోయి తెచ్చి, నా కంచంలో వేసింది.